మంచు మీద దొరికిన చిన్న తుప్పురాయి ఏ గుంపుది? ధ్రువప్రాంత ఉల్కాశిలల వర్గీకరణపై తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కళాశాలల్లో, ఉన్నత పాఠశాలల్లో ఉల్కాశిలల గురించి మాట్లాడిన ప్రతిసారీ విద్యార్థులు, ఉపాధ్యాయులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను. వీటిలో చాలా భాగం ఒకే రాయి చుట్టూ తిరుగుతాయి. అంటార్కిటికా మంచు మీద దొరికిన, రేగుపండంత పరిమాణంలో ఉన్న, తులానికి కాస్త ఎక్కువ తూగే, గోధుమరంగు తుప్పు పట్టిన రాతి ఉల్కాశిలను ఉదాహరణగా ఊహించుకోండి. అద్దాల పెట్టెల్లో మెరిసే ఇనుప ఉల్కాశిలల పక్కన పెడితే ఇది వెలవెలబోతుంది. కానీ అంటార్కిటికా నుంచి వచ్చే వేల రాళ్లలో అత్యధికం ఇలాంటివే కాబట్టి వర్గీకరణ నేర్చుకోవలసింది దీని దగ్గరే.

మన ప్రాంతానికీ ఉల్కాశిలలకూ సంబంధం ఏమైనా ఉందా?

ఉంది. 1870 జనవరి 23న అప్పటి విశాఖపట్నం జిల్లాలో, పార్వతీపురానికి సమీపంలో ఒక ఇనుప ఉల్కాశిల పడింది. ప్రపంచ ఉల్కాశిలల జాబితాలో దాని పేరు ‘నెడగొల్ల’. పడుతుండగా మనుషులు చూసిన ఉల్కాశిలల్లో ఇనుపవి చాలా తక్కువ కాబట్టి అది అరుదైనది. అంతకన్నా ముఖ్యంగా, తెలిసిన ఇనుప ఉల్కాశిలల గుంపుల్లో దేనిలోనూ ఇమడనందువల్ల దానిని ఈనాటికీ ‘గుంపులో చేరనిది’ అనే నమోదు చేస్తున్నారు. మన గడ్డ మీద పడిన రాయే వర్గీకరణకు లొంగలేదన్న సంగతిని నేను ఎప్పుడూ మొదట చెబుతాను, ఎందుకంటే సరిపోని పెట్టెలో బలవంతంగా కుక్కకపోవడం ఈ శాస్త్రంలో మొదటి మర్యాద.

ఉల్కాశిలలు ధ్రువప్రాంతపు మంచు మీదే ఎందుకు అంత ఎక్కువగా దొరుకుతాయి?

అక్కడ ప్రత్యేకంగా ఎక్కువ పడవు. పడినవి పోకుండా మిగులుతాయి, పైగా ఒకచోటికి చేరుతాయి. లోతట్టు హిమఫలకం మీద పడిన రాయి మంచులో కూరుకుపోయి, ఆ మంచుతో పాటే వేల ఏళ్ల పాటు మెల్లగా తీరం వైపు కదులుతుంది. దారిలో పర్వతమో, మంచు కింద దాగిన శిఖరమో అడ్డుపడిన చోట ప్రవాహం నిలిచి మంచు పైకి వస్తుంది. అక్కడి తీవ్రమైన పొడిగాలి ఆ మంచును ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున ఆవిరిగా మార్చి తీసుకుపోతుంది. మన కళ్లాల్లో ధాన్యాన్ని తూర్పారబట్టినప్పుడు పొట్టు గాలికి పోయి గింజ కాళ్ల దగ్గర మిగిలినట్టు, అక్కడ మంచు పోయి రాయి మిగులుతుంది. అలాంటి చోట్లను నీలిమంచు క్షేత్రాలు అంటారు.

అంటార్కిటికాలో మొదటి ఉల్కాశిల 1912లోనే, మాసన్ నాయకత్వంలోని ఆస్ట్రేలియా యాత్రలో దొరికింది. అసలు మలుపు మాత్రం 1969లో వచ్చింది. ఆ ఏడాది జపాన్ బృందం యమాటో పర్వతాల దగ్గర తొమ్మిది రాళ్లు ఏరింది. అవన్నీ ఒకే రాయి ముక్కలయి ఉంటే విశేషం లేదు. పరీక్షిస్తే వేర్వేరు రకాలని తేలింది. అంటే అవి వేర్వేరు కాలాల్లో పడి, మంచు వల్ల ఒకచోట చేరాయన్న మాట. ఆ ఆవిష్కరణను ఆధారం చేసుకుని 1976 నుంచి అమెరికా బృందాలు ‘ఆన్స్‌మెట్’ పేరుతో వెతకడం మొదలుపెట్టి ఇంతవరకు 20 వేలకు పైగా నమూనాలు సేకరించాయి.

నీరే ద్రవంగా ఉండని చలిలో రాయికి తుప్పు ఎలా పడుతుంది?

ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. గాలి ఉష్ణోగ్రత సున్నాకు ఎంతో దిగువన ఉన్నా, అక్కడి వేసవిలో సూర్యుడు అస్తమించడు, రాయి నల్లగా ఉంటుంది. ఎండను పీల్చుకున్న నల్లరాయి ఉపరితలం కాసేపు సున్నా దాటుతుంది. రాయిని అంటుకున్న మంచు కరిగి పలుచని నీటిపొర ఏర్పడి పగుళ్లలోకి దిగుతుంది. లోపల ఉన్న ఇనుము-నికెల్ లోహరేణువులకు ఆ మాత్రం తడి చాలు.

దీనికి క్లోరిన్ తోడవుతుంది. సముద్రం నుంచి గాలిలో కొట్టుకొచ్చిన ఉప్పు మంచులో అతి స్వల్పంగా ఉంటుంది. తుప్పు పట్టే చోట అది పేరుకుని అకగనైట్ అనే క్లోరిన్ కలిగిన తుప్పు ఖనిజానికి దారి తీస్తుంది. కళింగపట్నంలోనో భావనపాడులోనో తీరానికి దగ్గరగా ఇల్లు కట్టుకున్నవారికి కిటికీ ఊచలు ఎంత త్వరగా పెచ్చులూడతాయో తెలుసు. అక్కడ ఏళ్లలో జరిగే పని ధ్రువమంచు మీద వేల ఏళ్లలో జరుగుతుంది.

కొన్ని రాళ్ల మీద తెల్లని పొడిలాంటి పూత కూడా కనిపిస్తుంది. అది బయటి నుంచి అంటిన మంచు కాదు, రాతిలోని మెగ్నీషియం నీటిలో కరిగి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైకి ఉబికిన కార్బొనేట్ లవణం. నెస్క్వెహోనైట్ అనే ఖనిజం ఇందులో ముఖ్యమైనది.

దొరికిన రాయిని ఎలా తీస్తారు? దానికి పేరు ఎవరు పెడతారు?

చేత్తో ముట్టుకోరు. స్థానాన్ని నమోదు చేసి, కొలబద్ద పక్కన పెట్టి ఫొటో తీసి, శుభ్రమైన పటకారుతో సంచిలోకి జార్చి, గడ్డకట్టిన స్థితిలోనే ప్రయోగశాలకు పంపుతారు. అమెరికా నమూనాలు హూస్టన్‌లోని జాన్సన్ అంతరిక్ష కేంద్రానికి చేరతాయి. అక్కడ పొడి నైట్రోజన్ వాయువులో ఉంచి, రాయిని అంటిన మంచు తడిగా మారి లోపలికి ఇంకకుండా ఆవిరైపోయేలా చూస్తారు.

పేరు స్థలాన్నీ సంవత్సరాన్నీ వరుస సంఖ్యనూ చెబుతుంది. ‘ఏఎల్‌హెచ్ 84001’ అంటే అలన్ హిల్స్ ప్రాంతంలో, 1984లో మొదలైన యాత్రాకాలంలో దొరికిన వాటిలో 001 సంఖ్య గల నమూనా. పేరును, వర్గీకరణను అంతర్జాతీయ ఉల్కాశిలల సంఘానికి చెందిన నామకరణ సంఘం ఆమోదిస్తుంది.

‘హెచ్5’, ‘ఎల్6’ వంటి గుర్తులకు అర్థం ఏమిటి?

భూమి మీద పడే ఉల్కాశిలల్లో నూటికి 80కి పైగా సాధారణ కాండ్రైట్లు. సౌరకుటుంబం పుట్టిన తొలినాళ్లలో, సుమారు 456 కోట్ల ఏళ్ల క్రితం, కరిగిన చుక్కలుగా గడ్డకట్టిన కాండ్రూల్ అనే గుండ్రని రేణువులు వీటిలో ఉంటాయి. గుర్తులోని అక్షరం రసాయనిక గుంపును చెబుతుంది: మొత్తం ఇనుము, లోహం ఎక్కువ ఉన్నది హెచ్, తక్కువ ఉన్నది ఎల్, ఇంకా తక్కువ ఉన్నది ఎల్ఎల్. అంకె ఆ రాయి తన మాతృ గ్రహశకలంలో ఉన్నప్పుడు ఎంత వేడికి లోనైందో చెబుతుంది.

సగం లోహం తుప్పుగా మారిపోయిన రాయిలో ఇనుము ఎక్కువో తక్కువో ఎలా తేలుస్తారు?

ఈ పేజీలోని ప్రశ్నలన్నింటిలో ముఖ్యమైనది ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

తాజాగా పడిన హెచ్ కాండ్రైటులో బరువులో ఆరోవంతు నుంచి అయిదోవంతు వరకు లోహం ఉంటుంది. ఎల్‌లో అందులో సగం కూడా ఉండదు. ఎల్ఎల్‌లో మరీ స్వల్పం. అందువల్ల రాయి అయస్కాంత స్పందనను చిన్న పరికరంతో కొలిస్తే, తాజా రాయి విషయంలో గుంపు నిమిషంలో తెలిసిపోతుంది. తుప్పు పట్టిన రాయి విషయంలో ఇదే కొలత మోసం చేస్తుంది. తుప్పు మొదట తినేది లోహాన్నే కాబట్టి, బాగా శిథిలమైన హెచ్ రాయి ఎల్ లాగా, ఎల్ రాయి ఎల్ఎల్ లాగా కనబడుతుంది. తప్పు ఎప్పుడూ ఒకే దిక్కుకు జరుగుతుంది. లోహం తగ్గగలదే గాని పెరగదు.

అందుకే తుప్పు తొందరగా ముట్టుకోలేని చోట అడగాలి. ఒలివిన్, పైరాక్సిన్ అనే సిలికేట్ ఖనిజాల స్ఫటికాల్లో కూడా ఇనుము ఉంటుంది. ఆ ఇనుము సిలికాన్, ఆక్సిజన్‌ల మధ్య బంధించబడి ఉంటుంది కనుక అంటార్కిటికా తడికి సులభంగా బయటికి రాదు. ఒలివిన్‌లో మెగ్నీషియం స్థానాన్ని ఇనుము నూటికి ఎన్ని పాళ్లు ఆక్రమించిందో చెప్పే సంఖ్యను ఫయలైట్ పాలు అంటారు. అది హెచ్ గుంపులో సుమారు 16 నుంచి 20, ఎల్‌లో 22 నుంచి 26, ఎల్ఎల్‌లో 27 నుంచి 32 వరకు ఉంటుంది. లోహం ఎక్కువ ఉన్న గుంపులో ఒలివిన్‌లోని ఇనుము తక్కువగా ఉండటం చూసి విద్యార్థులు తికమకపడతారు. అందుబాటులో ఉన్న ఇనుములో ఎంత ఆక్సిజన్‌తో కలిసిందో అంత సిలికేట్లలోకి పోయింది, కలవనిది లోహంగా మిగిలింది అని గుర్తుంచుకుంటే తికమక ఉండదు.

పైరాక్సిన్ రెండో సాక్షి. కాల్షియం తక్కువగా ఉన్న పైరాక్సిన్‌లో ఇనుము పాలు హెచ్‌కు సుమారు 14.5 నుంచి 18, ఎల్‌కు 19 నుంచి 22, ఎల్ఎల్‌కు 22 నుంచి 26. మన ఊహారాయి అయస్కాంత కొలతలో ఎల్ అనిపించి, ఒలివిన్ 18.5, పైరాక్సిన్ 16.5 చూపిందనుకోండి. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పారు కాబట్టి అది హెచ్. తగ్గిన లోహం తుప్పు ఖాతాలోకి పోయింది.

ఈ కొలతకు ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ వాడతారు. దాని కిరణం మిల్లీమీటరులో వెయ్యో వంతు వెడల్పున్న చోటును కూడా విడిగా పరీక్షించగలదు. అయితే కిరణాన్ని ఎక్కడ పెడుతున్నామన్నది మనిషి చూసుకోవలసిన విషయం. స్ఫటికపు పగుళ్లలో నిండిన తుప్పు మీద పడితే లేని ఇనుము లెక్కలోకి వస్తుంది. అన్ని ఆక్సైడ్ల మొత్తం నూటికి దగ్గరగా రాకుండా 95 దగ్గరే ఆగిపోతే అక్కడ తుప్పు నీరు కలిసిందని అనుమానించి ఆ కొలతను పక్కన పెట్టాలి. మైక్రోప్రోబ్ సులభంగా అందని రోజుల్లో, వేల సంఖ్యలో వచ్చే మామూలు రాళ్లకు అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థలో బ్రయన్ మేసన్ అనే శాస్త్రవేత్త చిటికెడు ఒలివిన్ రేణువులను తెలిసిన వక్రీభవన గుణకం గల నూనెల్లో ముంచి, సూక్ష్మదర్శిని కింద చూసి ఫయలైట్ పాలును తేల్చేవారు. ఆ పద్ధతి ఖర్చు లేనిది, చిన్న రాయిని వృథా చేయనిది.

సంఖ్య రెండు గుంపుల మధ్యలో పడితే?

ఫయలైట్ 26.5 వచ్చిందనుకుందాం. లోహంలో కామసైట్ అనే భాగం మిగిలి ఉంటే అందులోని కోబాల్టు తీర్పు చెప్పగలదు. ఎల్‌లో అది నూటికి ఒకటి లోపు, ఎల్ఎల్‌లో అంతకు మించి. కానీ తుప్పు ముందుగా తినేది ఆ కామసైట్‌నే. ఆక్సిజన్ ఐసోటోపులను అడగవచ్చు, అయితే తుప్పులో కలిసినది భూమి మీది ఆక్సిజన్ కాబట్టి ముందుగా తుప్పును రసాయనికంగా కడిగి తీయాలి. అప్పటికీ తేలకపోతే ‘ఎల్/ఎల్ఎల్’ అని రెండింటినీ రాయడమే సరైనది. విద్యార్థులు దీనిని ఓటమిగా భావిస్తారు. నా దృష్టిలో, తెలియని చోట ఒక అక్షరాన్ని ఎంచి రాయడం కన్నా ఈ గీత ఎంతో విలువైనది.

అంకెను ఎలా నిర్ణయిస్తారు?

టెక్కలి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో పలకను కోసి మెరుగు పెట్టడం చూసినవారికి ఈ పని సగం అర్థమైనట్టే. ఇక్కడ నీటికి బదులు ఆల్కహాల్ వంటి ద్రవం వాడి, పలకను మిల్లీమీటరులో 0.03 వంతు మందం వచ్చేదాకా అరగదీస్తారు. దీనిని తిన్ సెక్షన్ అంటారు. అంత పలుచన చేస్తే రాతిలోంచి వెలుతురు దూరుతుంది.

3వ రకంలో కాండ్రూళ్లు కొత్తగా చుట్టిన లడ్డూలో బూందీలా ఒక్కొక్కటి విడిగా కనిపిస్తాయి. 4, 5 రకాల్లో అంచులు మసకబారుతూ వస్తాయి. 6వ రకంలో లడ్డూను పిసికి ముద్ద చేసినట్టు కాండ్రూల్ ఎక్కడ ముగిసిందో పోల్చుకోవడం కష్టమవుతుంది, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు రేణువులు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతును మించి పెరుగుతాయి. వాన్ ష్మస్, వుడ్ అనే శాస్త్రవేత్తలు 1967లో ప్రతిపాదించిన పద్ధతి ఇది.

3వ రకానికి మాత్రం ప్రత్యేకమైన చిక్కు ఉంది. అది ఎక్కువ వేడెక్కలేదు కనుక ఒలివిన్ రేణువులన్నీ ఒకే కూర్పుకు రాలేదు. ఒక రేణువులో ఫయలైట్ 5 ఉంటే పక్కదానిలో 30 ఉండవచ్చు. అంటే పైన చెప్పిన సాక్షి ఇక్కడ పనికిరాదు. గుంపును లోహం పాలును బట్టి, కాండ్రూళ్ల సగటు పరిమాణాన్ని బట్టి నిర్ణయించాలి. తుప్పురాయిలో మొదటిది చెరిగిపోయి ఉంటుంది. తులం బరువున్న రాయిలో రెండోదానికి సరిపడా కాండ్రూళ్లు కోతలో దొరకవు. చిన్నది, శిథిలమైనది, 3వ రకానికి చెందినది అయిన రాయి కన్నా కష్టమైనది సాధారణ కాండ్రైట్లలో లేదు. విచిత్రంగా, సౌరకుటుంబపు తొలి ధూళిని చెదరకుండా దాచి ఉంచేది కూడా ఆ రకమే.

శైథిల్యానికి ఏ, బీ, సీ అనీ, డబ్ల్యూ0 నుంచి డబ్ల్యూ6 అనీ రెండు కొలతలు ఎందుకు?

మొదటిది చేతిలోని రాయిని కంటితో చూసి ఇచ్చేది. ఏ అంటే తుప్పు స్వల్పం, బీ అంటే మధ్యస్థం, సీ అంటే తీవ్రం. తెల్లని లవణపు పూత కనిపిస్తే పక్కన ‘ఇ’ చేరుస్తారు. రెండోది మెరుగు పెట్టిన కోతను సూక్ష్మదర్శిని కింద చూసి, లోహం, ట్రాయిలైట్ అనే ఇనుప సల్ఫైడు ఎంతవరకు ఆక్సీకరణం చెందాయో లెక్కగట్టేది. డబ్ల్యూ1లో అంచులు మాత్రమే తుప్పు; డబ్ల్యూ2లో నూటికి 20 నుంచి 60 వంతులు; డబ్ల్యూ3లో 60 నుంచి 95; డబ్ల్యూ4లో దాదాపు అంతా. డబ్ల్యూ5 నుంచి సిలికేట్లు కూడా మారడం మొదలవుతుంది. ఈ రెండు కొలతలను ఒకదాని నుంచి మరొకదానికి నేరుగా మార్చకూడదు. పైకి తీవ్రంగా తుప్పు పట్టిన రాయి లోపల ఆశ్చర్యపరిచేంత తాజాగా ఉండవచ్చు.

‘ఎస్’ అనే గుర్తు?

అంతరిక్షంలో ఢీకొన్న దెబ్బల తీవ్రత. 1991లో ప్రతిపాదించిన ఈ కొలత ఎస్1 నుంచి ఎస్6 వరకు ఉంటుంది. ధ్రువిత కాంతిలో, అంటే ఒకే దిశలో కంపించే వెలుతురులో, తిన్ సెక్షన్‌ను తిప్పుతూ చూసినప్పుడు ఒలివిన్ స్ఫటికం ఒక్కసారిగా చీకటవుతుందా, అలలు అలలుగానా, ముక్కముక్కలుగానా అన్నదాన్ని బట్టి నిర్ణయిస్తారు.

పక్కపక్కన దొరికిన రెండు రాళ్లు ఒకే ఉల్కాశిల ముక్కలా?

చాలాసార్లు అవుతాయి, కానీ దూరం ఒక్కటే రుజువు కాదు. మంచు వేర్వేరు రాళ్లను ఒకచోటికి తెస్తుంది, గాలి చిన్న ముక్కలను మంచు మీద దొర్లించుకుపోతుంది. గుంపు, రకం, దెబ్బల తీవ్రత సరిపోయినా ఎల్6 వంటి సర్వసాధారణ తరగతిలో అది యాదృచ్ఛికం కావచ్చు. భూమి మీద గడిపిన కాలం కూడా సరిపోతే నమ్మకం పెరుగుతుంది. ఆ కాలాన్ని, అంతరిక్షంలో విశ్వకిరణాల తాకిడికి ఏర్పడి, భూమికి చేరాక తరిగిపోయే రేడియోధార్మిక పరమాణువులతో కొలుస్తారు. కార్బన్-14 అర్ధజీవితం 5,730 ఏళ్లు, క్లోరిన్-36ది సుమారు 3 లక్షల ఏళ్లు. తుప్పు ఎక్కువ ఉన్నంత మాత్రాన రాయి ముందుగా పడిందని చెప్పలేం. మంచు లోపల గడిపిన కాలంలో తుప్పు పెద్దగా పట్టదు, బయటపడ్డాక గడిపిన వేసవులే లెక్క.

ఇంత మామూలు రాయికి ఇంత శ్రమ అవసరమా? తప్పు జరిగితే నష్టం ఏమిటి?

పైన చెప్పిన ఏఎల్‌హెచ్ 84001 బరువు సుమారు 1.9 కిలోలు. మొదట దానిని డయోజెనైట్ అనే గ్రహశకల శిలగా వర్గీకరించి అల్మరాలో పెట్టారు. దాదాపు తొమ్మిదేళ్ల తర్వాత, 1993లో, అది అంగారక గ్రహం నుంచి వచ్చిందని గుర్తించారు. మొదటి వర్గీకరణ చేసినవారు అజాగ్రత్తపరులు కారు. ఆ రాయి నిజంగానే డయోజెనైట్‌ను పోలి ఉంది. దిద్దుబాటు సాధ్యమైనదల్లా నమూనా భద్రంగా ఉన్నందువల్ల, మొదటి పరీక్షల వివరాలు స్పష్టంగా రాసి ఉన్నందువల్ల. అంతకుముందు, 1982లో, చంద్రుడి నుంచి వచ్చినదని గుర్తించిన మొదటి ఉల్కాశిల ఏఎల్‌హెచ్‌ఏ 81005 బరువు 31 గ్రాములే. ‘చిన్న రాయి, మామూలు రాయి’ అని కోయకముందే తీర్పు చెప్పడానికి నేను ఒప్పుకోకపోవడానికి ఈ రెండు రాళ్లూ కారణం.

తులం రాయిలో ఎంత భాగం కోయవచ్చు?

వీలైనంత తక్కువ. అంతర్జాతీయ నియమం ప్రకారం, 20 గ్రాములు లేదా మొత్తం బరువులో అయిదోవంతు, ఏది తక్కువైతే అంత భాగాన్ని ప్రామాణిక నమూనాగా సంస్థలో భద్రపరచాలి. తుప్పు పట్టిన రాయి కోతలో పొడిపొడిగా రాలిపోతుంది కాబట్టి ముందుగా రెసిన్‌తో గట్టిపరచి, కరిగిన నల్లని పైపొర ఉన్న భాగాన్ని ముట్టుకోకుండా లోపలి ముక్కను ఎంచుకుంటారు.

మా పొలంలో బరువైన నల్లరాయి దొరికింది. అయస్కాంతం పెట్టి చూడవచ్చా?

దయచేసి బలమైన అయస్కాంతం పెట్టకండి. సౌరకుటుంబపు ఆదికాలం నాటి అయస్కాంత క్షేత్రపు ముద్ర రాతిలో మిగిలి ఉంటే, నియోడిమియం అయస్కాంతం ఒక్క స్పర్శతో దాన్ని చెరిపేస్తుంది. నీటితో కడగడం, ఆమ్లం పోయడం, సుత్తితో పగలగొట్టడం కూడా వద్దు.

మన దగ్గర ఉల్కాశిలలని పొరపడే రాళ్లు మూడు రకాలు. గరివిడి, చీపురుపల్లి చుట్టుపక్కల దొరికే మాంగనీస్ ఖనిజం నల్లగా, బరువుగా ఉంటుంది. లోహపు కొలిమి చిట్టెం పైన కరిగి గడ్డకట్టినట్టు కనిపిస్తుంది, కానీ లోపల గాలిబుడగల రంధ్రాలు ఉంటాయి. రాతి ఉల్కాశిలలో అవి దాదాపు ఉండవు. తుప్పురంగు గల లాటరైట్ గడ్డ మూడోది. టైల్ వెనుక వైపు గరుకు భాగం మీద గీస్తే ఎర్రమట్టి రంగు చార పడే రాయి చాలావరకు మన నేలదే. అయితే శిథిలమైన ఉల్కాశిల తుప్పు కూడా గోధుమరంగు చార ఇవ్వగలదు కనుక ఈ పరీక్ష ఒక్కదానితో రాయిని పారేయకండి.

దొరికిన చోటును ఫొటో తీసి, రాయిని పొడి కాగితంలో చుట్టి, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు తెలియజేయండి. దేశంలో దొరికిన ఉల్కాశిలలకు సంరక్షక సంస్థ అదే.

అంటార్కిటికా వెళ్లినవారు రాయి తెచ్చుకోవచ్చా?

సొంతానికి తెచ్చుకోకూడదు. 1959 నాటి అంటార్కిటిక్ ఒప్పందంలో మన దేశం 1983లో చేరింది. 2022లో భారత అంటార్కిటిక్ చట్టం వచ్చింది. అనుమతి లేకుండా యాత్రకు వెళ్లడమే కుదరదు. భారత యాత్రలను గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం నిర్వహిస్తుంది. భూగర్భశాస్త్రంలో పీజీ చేసి, ఖనిజాలను తిన్ సెక్షన్‌లో గుర్తించడం బాగా నేర్చుకున్న విద్యార్థికి ఆ దారి మూసి లేదు. ఆ సాధన మొదలుపెట్టడానికి మన కొండల్లోని ఖొండలైట్, చార్నొకైట్ రాళ్లే చాలు. పైరాక్సిన్‌ను మొదటిసారి పోల్చుకోవడానికి చార్నొకైట్ కోత కన్నా మంచిది నేను చూడలేదు.